చిరుత కసరత్తు

ఆ అడవిలో ఒక కుర్ర చిరుతకి వేట కన్నా వేటకి తయారవడం మీదే మోజెక్కువ. వేసవంతా గుట్ట ఎక్కి దిగింది. టేకు మానుకి గీకి గీకి గోళ్ళు నూరింది. వాసన తెలియకుండా ఒంటికి బురద పట్టించింది. పొదలో పడుకుని ఇదంతా చూసే ముసలి దుమ్ములగొండికి చూడ్డానికే ఆయాసం వచ్చేది.

చివరికి మూడు రోజులు పస్తులున్నాక, ఒక పొద్దున్నే చిరుత పెద్ద దుప్పిని పడగొట్టింది. వెనకే కుంటుకుంటూ వెళ్ళిన దుమ్ములగొండి, "అల్లుడూ, ముందు పొట్ట చీల్చి పేగులు తీసెయ్. నీడకి లాగి చెట్టెక్కించు. ఎండెక్కితే మాంసం నిలవదు" అంది.

"ఆగత్తా. గాటు పడితే అందం పోతుంది. ముందు నలుగురూ చూడాలి" అంటూ చిరుత దుప్పి మీద కాలేసి నిలబడింది.

నలుగురూ వచ్చారు. ఎలా పొంచిందో, ఎలా దూకిందో వచ్చినవాళ్ళకల్లా మొదటినుంచీ చెప్పింది. మధ్యాహ్నానికి దుప్పి పొట్ట తప్పెటలా ఉబ్బింది, ఈగలు ముసిరాయి. ఒక్క ముక్క నోట్లో పెట్టుకోగానే చిరుత కక్కుకుంది.

దుమ్ములగొండి తీరిగ్గా వచ్చి కూర్చుంది. దానికి ఈ పాకమే ఇష్టం.

"రేపు కూడా గుట్టెక్కు అల్లుడూ" అంది నోటినిండా నములుతూ. "నీ కసరత్తు నా ఒంటికి బాగా పట్టేట్టుంది."