నీళ్ల మీద కన్ను

మండే ఏప్రిల్ ఎండలో స్వెట్టరు వేసుకుని, దాని మీద రెయిన్‌కోటు తొడుక్కుని మూలకుళం వీధుల్లో పరుగెత్తేవాణ్ణి చూస్తే ఎవరైనా పిచ్చివాడనే అనుకుంటారు.

యోగానంద్ పిచ్చివాడు కాదు, జాకీ. వచ్చే వారం ఊటీలో అతని మొదటి పందెం. ఈలోగా ఇంకో రెండు కిలోలు కరగాలి. కరగకపోతే గుర్రం ఇంకొకడికి పోతుంది.

అందుకే తిండి మానేశాడు. నీళ్లు కూడా పెదాలు తడుపుకోవడానికే.

"ఏందిరా, ముద్ద ముట్టలేదు?" అంది తల్లి అంబుజం.

"ఆకలి లేదుమా."

పెట్టిన పళ్లెం పెట్టినట్టే ఉంటే ఏ తల్లికైనా అనుమానం వస్తుంది. అంబుజానికి అది పక్క పోర్షన్లో కొత్తగా దిగినాయన మీద వచ్చింది.

పొట్టి మనిషి. ముఖం ఉబ్బి, కాళ్లు నీరు పట్టి ఉంటాయి. మాటిమాటికీ ఆస్పత్రికి పోయొస్తాడు. మిగతా పొద్దంతా అరుగు మీద కూర్చుని వీళ్ల కిటికీలోకే చూపు. పళ్లెం వంక, నీళ్ల చెంబు వంక. పేరేమిటని ఎవరూ అడగలేదు.

అంబుజం కొడుక్కి ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి నిప్పుల్లో వేసింది. ఘాటు రాలేదు. ఇంకేం, దిష్టి ఖాయం.

మర్నాడు పరుగు ముగించుకుని వస్తున్న యోగానంద్‌ను ఆయనే ఆపాడు.

"తంబీ, ఒంటేలు ఎర్రగా పోతా ఉందా?"

యోగానంద్ ఉలిక్కిపడ్డాడు. పొద్దున టీ డికాషన్ రంగులో పోయింది. అది తల్లికి కూడా చెప్పలేదు.

"మీకెందుకండీ?"

"నీళ్లు తాగు తంబీ. గుర్రం పోతే ఇంకొకటి వస్తాది. కిడ్నీ పోతే రాదు."

యోగానంద్‌కు ఒళ్లు మండింది. కిటికీలోంచి తన గది గోడ చూపించాడు. పాత పత్రికలోంచి కత్తిరించిన ఫొటో. గుర్రం మీద బక్కపలచని మనిషి, చేతిలో వెండి కప్పు.

"ధనపాల్. ఒట్టి కాఫీ తాగి పొద్దంతా ఉండేవాడంట. అన్నం తినుంటే ఆ కప్పు గెలిచుండునా?"

ఆయన ఆ ఫొటో వంక చాలాసేపు చూశాడు.

"గెలిచుండడు," అన్నాడు మెల్లిగా.

సాయంత్రం అంబుజం కిటికీ దగ్గరికొచ్చింది.

"మీ కన్ను పడినంక నా బిడ్డ అన్నం ముట్టలేదు. యాడైనా వేరే ఇల్లు చూసుకోండి."

ఆయన చిన్న గ్లాసులో గుక్కెడు నీళ్లు పోసుకుని పెదాలు తడుపుకున్నాడు. డాక్టర్లు అంతకు మించి తాగొద్దన్నారని అంబుజానికేం తెలుసు? ఆమె కిటికీ రెక్కలు మూసేసింది.

ఇల్లు వెతుక్కునే పని ఆయనకు పడలేదు. యోగానంద్ ఊటీకి బయలుదేరే రోజు పొద్దున ఆయన నిద్ర లేవలేదు.

పోయినవాళ్ల మీద కోపమెందుకని అంబుజం ఆయన నోట్లో పోయడానికి తులసి నీళ్లు తెచ్చింది.

ఇంటి ఓనరు కబురు చేస్తే మధ్యాహ్నానికి చెన్నై నుంచి వ్యాను వచ్చింది. దిగినవాళ్లంతా పొట్టివాళ్లే. ముందు నడుస్తున్నది యోగానంద్‌కు స్వారీ నేర్పిన రామానుజం. యోగానంద్ భుజాన సంచీతో అలాగే నిలబడిపోయాడు.

"సార్, మీరేంది ఈడ?"

రామానుజం కళ్లు తుడుచుకుని, తెచ్చిన ఫొటోను శవం తలాపున ఆనించి దండ వేశాడు.

గుర్రం మీద, చేతిలో వెండి కప్పుతో, యోగానంద్ గోడ మీద ఉన్న ఫొటోయే అది.