ముందే కట్టిన చాప

"ఓ నెగిటివ్," అంది నర్సు.

"నెగిటివా! అయితే జబ్బేం లేనట్టే!" అని మేనమామ సెమిసి చప్పట్లు కొట్టాడు.

"అది రక్తం పేరు బాబూ! టోంగా మొత్తం వెతికినా ఏ ఒక్కరికో గానీ ఉండదు. మీ అమ్మాయికి ఇప్పుడు ఆ రక్తమే కావాలి."

 కలోలైన్ కూతురు లెసీలి ప్రైవేటు క్లినిక్కులో ప్రసవించింది. బిడ్డ బాగానే ఉంది, తల్లికే రక్తం ఆగలేదు. ఏసీ గదిలోంచి తీసి సర్కారు ఆస్పత్రిలో పడేసి పోయారు.

"ప్రైవేటన్నారు, పెద్ద వేటే వేశారు!" అని పళ్లు నూరింది కలోలైన్.

వరండా నిండా రక్తసంబంధీకులే. రక్తం కలిసినవాడు ఒక్కడూ లేడు.

అప్పుడు కనిపించాడతను, చివరి బల్ల మీద. నడుముకు చిరుగులు వేలాడే పాత చాప. సొంత మనిషి పోతే తప్ప ఎవరూ కట్టని చాప.

"ఎవడ్రా వాడు?" అని తమ్ముడు సెమిసిని అడిగింది కలోలైన్.

"మనవాడు కాదక్కా. అల్లుడి తరఫు చుట్టమై ఉంటాడు."

కలోలైన్ విసవిసా వెళ్లింది.

"ఏమయ్యా, నా కూతురు ఇంకా ఊపిరి తీసుకుంటోంది. అప్పుడే చాప చుట్టుకొచ్చావా?"

అతను లేచి తల వంచాడు. "లోపలున్నది మీ అమ్మాయా? ఎలా ఉందమ్మా?"

"బతికే ఉంది! నిరాశపడ్డావా?"

"చావుభోజనానికి కోయాల్సిన పంది ఇంకా దొడ్లోనే తిరుగుతోంది, పో!" అన్నాడు సెమిసి.

"బతకాలమ్మా. ఆమె బతకాలి."

"ఆ చాప కట్టుకుని దీవెనలొకటా? అది చాప కాదురా, శాపం!"

అతనేదో చెప్పబోయాడు. ఎవరూ చెప్పనివ్వలేదు. సెమిసి రెక్క పట్టుకుని మెట్లు దింపేశాడు.

కాసేపటికి నర్సు బయటికి వచ్చింది.

"రక్తం ఎక్కిస్తున్నాం. గండం గడిచిందమ్మా."

కలోలైన్ ఆమె చేతులు పట్టేసుకుంది. "ఎక్కడ దొరికింది తల్లీ?"

నర్సు వరండా అంతా కలయజూసింది. "ఆ చివరి బల్ల మీద కూర్చున్న ఆయనేరి? శవాన్ని అప్పగించాలి."

"ఎవరి శవం?" అన్నాడు సెమిసి.

"ఆయన భార్యది. నిన్న ఆమెనూ ఆ క్లినిక్కువాళ్లే పంపారు, మరీ ఆలస్యంగా."

సెమిసి మెట్ల వైపు చూశాడు.

"ఎక్కించేలోపే ఆమె పోయింది. ఆమె కోసం ఆయనిచ్చిన రక్తమే, ఆయన సరేనన్నాకే, ఇప్పుడు మీ అమ్మాయికి ఎక్కిస్తున్నాం."