మల్సూన్ అవ్వ

"వస్తున్నా డాక్టరుగారూ!" అంటూ నర్సు మిరాన్ తెర తొలగించింది.

లోపల డాక్టరు బోక్‌హీ లేదు. ఎనభై దాటినట్టున్న ముసలమ్మ మంచం మీద కూర్చుని ఆయాసపడుతోంది.

"కాసిని నీళ్ళమ్మా," అంది.

అచ్చం డాక్టరు గొంతే. మిరాన్ ఒళ్ళు జలదరించింది.

దక్షిణ కొరియాలోని దేగూ నగరంలో, ఒక కొండవాడ చర్చి హాల్లో బోక్‌హీ ఆదివారాలు ఉచితంగా వైద్యం చేస్తుంది. మల్సూన్ అనే ఈ అవ్వ అక్కడికి రావడం అదే మొదలు.

బోక్‌హీ ఆమె ఛాతీకి గొట్టం ఆనించి వింది.

"నూలు మిల్లులో చేశారా అవ్వా?"

"పదమూడో ఏట చేరాను. లోపలంతా దూదే. చలికాలం దుప్పటితో పనిలేదు."

"ఉండేదెక్కడ?"

"నేలకింది గది. గోడలకి బూజు."

"గాలి తగిలే ఇల్లు చూసుకోండి. గుడ్లు, పళ్ళు తినండి."

అవ్వ పకపకా నవ్వింది. "ఆ ఇల్లు కూడా మందుల్తో పాటు పొట్లం కట్టిస్తారా?"

బోక్‌హీ మందుల చీటీ రాయసాగింది.

అవ్వ చటుక్కున ఆమె మణికట్టు పట్టుకుంది. "మీరు కడుపునిండా తింటున్నారా? ఒంట్లో బావుంటోందా?"

"పేషెంటు మీరా, నేనా?" బోక్‌హీ చెయ్యి లాక్కుంది.

ఆ తర్వాత అవ్వ ప్రతి ఆదివారం వచ్చేది. మందులు తీసుకునేది కాదు. మూల బెంచీ మీద కూర్చుని డాక్టరునే రెప్ప వెయ్యకుండా చూసేది.

"ఆ చూపుతో పని సాగట్లేదు మిరాన్! ఇంక లోపలికి రానివ్వకు."

మరుసటి ఆదివారం మంచు కురుస్తోంది. కిటికీ అద్దం బయట ఎవరిదో ఊపిరి ఆవిరి కట్టి, కరిగి, మళ్ళీ కట్టింది.

ఆ పై ఆదివారం అద్దం ఖాళీగా ఉంది.

అవ్వ పోయిందని వాడలో ఎవరో చెప్పారు. బోక్‌హీకి మనసు నిలవలేదు. ఆసుపత్రిలో శవాన్ని ఉంచిన చోటికి వెళ్ళింది. తెల్లచామంతుల మధ్య ఉన్న ఫొటో చూసి కొయ్యబారిపోయింది.

"నా ఫొటో ఎవరు పెట్టారిక్కడ?"

మిల్లులో మల్సూన్‌తో కలిసి పనిచేసిన చున్‌రే ఒక్కతే ఉందక్కడ.

"మీది కాదు, దానిదే. ఇరవయ్యో ఏట తీయించుకుంది. ఇదొక్కటే దొరికింది."

"నేనూ ఆ వయసులో..."

"ఇలాగే ఉండుంటారు. కవలలు కదా! దానికీ మీ యాభై ఎనిమిదే. మిమ్మల్ని ఐదేళ్ళప్పుడు అనాథాశ్రమం నించి పెంపకానికి తీసుకెళ్ళారు."

బోక్‌హీ ఫొటోకి దగ్గరగా జరిగింది. "అమ్మ ఎప్పుడూ చెప్పలేదే! చిన్నప్పుడు జ్వరాలతో తీసుకునేదానివి, అందుకే ఏదీ గుర్తులేదనేది. మరి... తనెందుకు చెప్పలేదు?"

"'నన్ను చూస్తేనే బెదిరిపోతోంది, ఇంకేం చెప్పనే' అంది. మిమ్మల్ని మొదటిసారి చూసొచ్చిన రోజు మాత్రం ఎంత సంబరమో! 'బతికే ఉందే, కాస్త ఒళ్ళు కూడా చేసింది' అంటూ నాకు వేడి నూడుల్స్ తినిపించింది."

చున్‌రే కళ్ళు తుడుచుకుంది.

"మిమ్మల్ని పెంచుకున్న ఆ పిల్లల్లేని జంట ముందురోజు మీ ఇద్దర్నీ చూసి, దిట్టంగా ఉన్న పిల్లని ఖాయం చేసుకుని వెళ్ళారట. మర్నాడు వాళ్ళు తీసుకెళ్ళడానికి వస్తే, ఆ పిల్ల పాలిపోయిన చెల్లెలి బుగ్గలు ఎర్రబడేదాకా గిల్లి, తన పేరు చెప్పమని ముందుకు తోసి, బియ్యపు బస్తాల వెనక దాక్కుంది."

చున్‌రే ఫొటో వైపు తిరిగింది.

"వాళ్ళు ఎంచుకున్న బోక్‌హీ మీరు కాదు డాక్టరమ్మా, ఇదే."