ఒక ఏడాది ఆగితే

“పాపకి హిందీ అర్థం కావడం లేదు. ఒక ఏడాది ఆగి తీసుకురండి,” అంది హెడ్‌మిస్ట్రెస్. నాలుగేళ్ల గౌరి ఆవిడ అడిగిన ఒక్క ప్రశ్నకీ జవాబు చెప్పలేదు.

ఘాజియాబాద్ బడి వరండాలోకి రాగానే గౌరి తండ్రి భార్య మీద విసుక్కున్నాడు. “ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ. పిల్ల ఏ భాషలో మాట్లాడుతుంది?”

“ఏడాదేగా, ఆగుదామండీ. పక్కింటి ఆంటీ దగ్గర కూర్చోబెట్టి హిందీ నేర్పిస్తాను,” అంది హైమవతి. అతనూ సరేనన్నాడు.

అంతలో ప్యూన్ వాళ్ల పక్కనే వేలాడుతున్న ఇనప గంట మోగించాడు. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. హైమవతి చెవులు మూసుకుంది.

గంట కిందే నిలబడ్డ గౌరి తలెత్తలేదు. చెప్పు పట్టీ సరిచేసుకుంటూనే ఉంది.

తండ్రి వెనక నుంచి “గౌరీ” అని పిలిచాడు. మళ్లీ, ఇంకా గట్టిగా పిలిచాడు. గౌరి వెనక్కి తిరగలేదు.

“ఇంక పిలవకండి,” అంది హైమవతి.