ఆఖరి ప్రశ్న

రాజపాళయంలో నర్సులకు జర్మన్ నేర్పే హరిహరన్ సార్, ఆ పొద్దున జర్మనీ నుంచి తన క్లాసు చిరునామాకు వచ్చిన ఒక జర్మన్ ఉత్తరాన్ని, ఎవరికి రాశారో ఆ పేరు కనబడకుండా చీటీ అంటించి, బోర్డుకు తగిలించాడు.

"తెలియని మాట కాడ నిలవొద్దు. పక్క మాటల్ని చూసి ఊహించండి. ఇది ఎవరికి, ఏమని రాసినారు?"

అందరికంటే ముందు శివరంజని లేచింది.

"ఎవురో నర్సుకు సార్. భాష చాలదని ఆస్పత్రోళ్లు వద్దనినారు."

తర్వాతి మూడు ప్రశ్నలకూ తడుముకోకుండా జవాబిచ్చింది.

"ఆఖరి ప్రశ్న. ఈ అమ్మాయి ఇప్పుడేం చేయాల?"

"ఇంత మొద్దుకు జర్మనీ ఎందుకు సార్? మన ఊరి బ్యాండేజి మిల్లులో కూలికి పోతే సరిపోతుంది," అంది శివరంజని.

క్లాసంతా నవ్వింది. సార్ కూడా నవ్వాడు.

"అన్నీ సరిగ్గా చెప్పినావు," అంటూ చీటీ పీకాడు.

ఊహించనక్కరలేని మాట ఒక్కటే దాని కింద ఉంది. ఎస్. శివరంజని.