మామయ్య గురి

“వాడితో చెప్పమ్మా, ఆ డబ్బాలు గోడమీద వరసగా పెట్టమని,” అన్నాడు మామయ్య, కొత్త ఎయిర్ గన్ ఒళ్లో పెట్టుకుని.

“మీరే చెప్పండి మామయ్యా. మాకు మాటల్లేవుగా,” అంది కోడలు.

“నా మతిమరుపు మండిపోనూ! ఒరేయ్, పెట్టరా డబ్బాలు.”

కొడుకు వెళ్లి, పెరట్లో బట్టలుతికే చోట అడ్డంగా కట్టిన పొట్టి గోడమీద మూడు ఖాళీ డబ్బాలు పెట్టి, లోపలికి పోయాడు.

మొగుడూ పెళ్లాల మాటలు ఆగిపోయి నెల కావస్తోంది. ఆమెకు వేరే ఊళ్లో బడి ఉద్యోగం వచ్చింది. సంబరంగా వచ్చి చెబితే, ఆ మహానుభావుడు పేపర్లోంచి తల ఎత్తకుండా “వెళ్తే వెళ్లు” అన్నాడు. ఆమె గదిలోకి పోయి ధడాలున తలుపేసుకుంది. ఆనాటినుంచీ ఇంట్లో ఉప్పు నిండుకున్నా, గ్యాసు అయిపోయినా కబురు మామయ్య నోటిమీదుగానే నడవాలి. “నేను మీకు మామనా, పోస్టుమేన్‌నా?” అని ఆయన విసుక్కునేవాడు. ఒకటో తారీఖున ఆమె ఒంటరిగా వెళ్లిపోతోంది. సూట్‌కేసు మంచం కిందనుంచి బయటికొచ్చింది కూడా.

మామయ్య గడియారాలు బాగుచేసేవాడు. చేతులు వణకడం మొదలయ్యాక కొట్టు మూసేశాడు. ఊరికే కూర్చోలేక ఈ తుపాకీ కొనుక్కొచ్చాడు. దాన్ని ఎవరైనా ముట్టుకుంటే కస్సుమనేవాడు. గుండు పెట్టుకునేటప్పుడు కూడా అటు తిరిగి నిలబడేవాడు.

‘ఠప్!’ మంది తుపాకీ. డబ్బా కదల్లేదు. మళ్లీ ఠప్. మళ్లీ అంతే.

“నా చెయ్యి పోయిందమ్మాయ్,” అని కుర్చీలో కూలబడ్డాడు. మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని, నాలుగు మెతుకులు కెలికి లేచిపోయాడు. కోడలు ఆ కంచం ఎత్తుతూ ఆలోచనలో పడింది. తను వెళ్లేలోగా ఈయన్ని మామూలు మనిషిని చెయ్యకపోతే అక్కడ తనకు ముద్ద దిగదు.

మర్నాడు డబ్బాలకు సన్నటి దారాలు కట్టి, కొసలు పట్టుకుని గోడ వెనక నక్కింది. ఠప్ మనగానే లాగింది. డబ్బా పడింది.

“ఇదేం విడ్డూరం! కుడిదాన్ని కొడితే ఎడమది పడిందేమిటి?” అన్నాడు మామయ్య.

ఆయన దేనికి గురిపెడుతున్నాడో గోడ వెనకనుంచి ఆమెకెలా తెలుస్తుంది? చూసి చెప్పడానికి మరో మనిషి కావాలి. ఆ ఇంట్లో ఉన్న మరో మనిషి ఒక్కడే, ఖర్మ.

అతను చొక్కాలు ఇస్త్రీ చేసుకుంటున్నాడు. ఆమె గోడకేసి చూస్తూ అంది. “మీతో మాట్లాడుతున్నానని అనుకోకండి. ఇది మీ నాన్నగారి సంగతి.”

అంతా విని అతను ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టాడు. “పద,” అన్నాడు.

గోడలో ఒకచోట ఇటుక ఊడి కంత ఉంది. అతను అక్కడ కన్ను పెట్టబోతే ఆమె చటుక్కున భుజం పట్టి వెనక్కి లాగింది.

“కంటికి తగిలితే?”

“తగిలితే నీకేం? వెళ్లిపోతున్నావుగా.”

ఆమె పరుగున వెళ్లి అతని హెల్మెట్ తెచ్చి, నెత్తిన బోర్లించి, అద్దం కిందికి దించింది.

“అటువైపు ఎవరైనా ఉన్నారా?” అని అవతలినుంచి మామయ్య కేకేశాడు. ఇద్దరూ ఊపిరి బిగబట్టారు.

“ఎడమది,” గుసగుసలాడాడు అతను. “కాదు, మధ్యది. అబ్బే, మళ్లీ ఎడమది.”

“ఏదో ఒకటి ఏడవండి!”

“ఆయన చెయ్యి ఉయ్యాలలూగుతుంటే నన్నేం చెప్పమంటావ్?”

ఠప్. కంగారులో ఆమె రెండు దారాలు ఒక్కసారే లాగేసింది.

“ఒక్క దెబ్బకు రెండు!” మామయ్య చిన్నపిల్లాడిలా అరిచాడు.

హెల్మెట్‌లో అతను కిసుక్కుమన్నాడు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. నవ్వీ నవ్వీ కళ్లనీళ్లు వచ్చాయి. ఆ నీళ్లు ఎంతకీ ఆగలేదు.

“వెళ్తే వెళ్లమన్నారుగా,” అంది.

“అన్నాను. తర్వాతి మాట వినకుండా తలుపేసుకున్నావు.”

“ఏమిటో ఆ మాట?”

“నేనూ బదిలీ పెట్టుకుంటానని.”

“ఆ తలుపు కొట్టి చెప్పొచ్చుగా!”

“చెప్పాల్సింది. రోషం వచ్చింది. బుద్ధి తక్కువై ఊరుకున్నాను,” అంటూ హెల్మెట్ తీశాడు. ముఖమంతా చెమట. ఆమె కొంగుతో తుడిచింది. అవతల మరో ఠప్ వినబడింది కానీ దారం లాగాలన్న ధ్యాస ఎవరికీ లేదు.

బదిలీ వచ్చేదాకా సెలవు పెడతానన్నాడు అతను. ఆ సాయంత్రం సూట్‌కేసులో ఆమె చీరల పక్కకు అతని చొక్కాలు చేరాయి. “నువ్వూ మాతోనే నాన్నా,” అని కొడుకంటే, “అక్కడ పెరడుందిట్రా?” అని మామయ్య బేరం పెట్టి, రెండోసారి అన్నం వడ్డించుకున్నాడు. అంత ఆకలిగా ఆయన తినడం చూసి కోడలి మనసు కుదుటపడింది. పాపం, ముసలాయనకు నిజం ఎప్పటికీ తెలియకూడదని మొగుడితో ఒట్టు వేయించుకుంది.

మర్నాడు మధ్యాహ్నం మామయ్య గుర్రుపెట్టి నిద్రపోతుంటే ఆయన ఫోన్ మోగింది. కోడలు తీసింది.

“ఎయిర్ గన్ అమ్మిన కొట్టునుంచమ్మా. బాగా పనిచేస్తోందా అని కనుక్కుందామని.”

“భేషుగ్గా ఉందండీ,” అంది ఆమె నవ్వు ఆపుకుంటూ. “మా మామయ్య వేసిన గుండు ఒక్కటీ గురి తప్పడం లేదు!”

అవతలి మనిషి తెల్లబోయాడు.

“ఆయన గుండ్లే వద్దు, చప్పుడొస్తే చాలన్నారు కదమ్మా!”