నర్సింగ్ బిడ్డ

నర్సింగ్ పోయాడు. మంగళవారం పొద్దున డ్యూటీకి లేపితే లేవలేదు.

నిద్రలోనే గుండె ఆగిందన్నారు. బహ్రెయిన్‌లోని ఈ సల్మాబాద్ కూలీల క్యాంపులో ఆ మాట ఎవరికీ కొత్త కాదు. రాత్రి పప్పులో ఉప్పు ఎక్కువైందని సణిగిన మనిషి తెల్లారేసరికి ఆసుపత్రి శవాల గదిలో ఉంటాడు, అంతే.

శుక్రవారం సెలవు కాబట్టి ఆ మధ్యాహ్నం గదిలోనే సంతాపం పెట్టుకున్నారు. గుర్తింపు కార్డులోని ఫోటోను పెద్దది చేయించి గోడకు ఆనించారు. అందులో నర్సింగ్ పోలీసులు పట్టుకొచ్చినవాడిలా బెదిరి చూస్తున్నాడు. రెండు అగరొత్తులు, ఫ్లాస్కు నిండా చాయ్.

వెంకటి ఓ మూలన కూచున్నాడు. మామూలుగా శుక్రవారాలు అతను గదిలో ఉండడు. అందరూ వద్దన్న ఓవర్‌టైం అడిగి మరీ వేయించుకుంటాడు. ఆ రోజు క్యాంపంతా ఫోన్లే. ఏ మంచం మీద చూసినా ఎవడో ఒకడు పెళ్లాంతోనో పిల్లలతోనో మాట్లాడుతుంటాడు. వెంకటి అది వినలేడు.

రెండేళ్ల కిందట అతని భార్య మల్లిక జగిత్యాల దగ్గరి ఊళ్లో జ్వరమొచ్చి చనిపోయింది. పనిలో పెట్టుకున్న యజమాని, కఫీల్, పాస్‌పోర్టు ఇవ్వలేదు. కట్టుకున్నదాని చితిని ఫోన్లో చూడాల్సి వచ్చింది. వెంకటి ఫోను చెడిపోయి ఉంటే నర్సింగే తన ఫోను తెచ్చి, మంట ఆరేదాకా కళ్లముందు పట్టుకున్నాడు. ఆఖరున తెర మీదికి కూతురు చిట్టి వచ్చింది.

"బాపూ, నువ్వెందుకు రాలే?" అని ఒక్కటే మాట అడిగింది.

ఆ మాటకు జవాబు దొరక్క వెంకటి ఇంటికి ఫోన్ చేయడమే మానేశాడు. పిల్లను పెంచుతున్న అక్క దుర్గవ్వ చేసినా ఎత్తడు. ఎత్తితే పక్కన చిట్టి ఉంటుందని భయం. క్యాంపులో వాళ్లు అతన్ని మొండివాడనుకుంటారు. మొండితనం కాదది, వట్టి పిరికితనం. ఆ సంగతి అతనికీ తెలుసు.

అంత సాయం చేసిన నర్సింగంటే అతనికి పడకపోవడానికీ అదే కారణం. శుక్రవారం వచ్చిందంటే నర్సింగ్ మేడమీదికి పోయి, ఆరేసిన బట్టల మధ్య నిలబడి బిడ్డతో మాట్లాడేవాడట. తిన్నదా, లెక్కలు వచ్చాయా, జడ ఎవరు వేశారు, అన్నీ అడిగేవాడట. కిందికి దిగాక ఆ పూటంతా ముఖం వెలిగిపోతూ ఉండేదని గదివాళ్లు చెప్పుకునేవారు.

ఒకసారి వెంకటినే అడిగాడు. "నాలుగు సదివే పిల్లకు గౌను ఎంత పొడుగు తీస్కోవాలె, తమ్మీ?"

"నాకేమెరుక?" అని వెంకటి గోడవైపు తిరిగి పడుకున్నాడు. కుళ్లు. తాను పోగొట్టుకున్నది ఎదుటివాడి దగ్గర కళకళలాడుతుంటే పుట్టే కుళ్లు.

సంతాపంలో ఒక్కొక్కరూ లేచి తోచింది చెప్పారు. వంటచేసే సోమరాజుది భీమవరం వైపు. కళ్లు తుడుచుకుంటూ, బిడ్డంటే ఆయనకి ప్రాణమండి, ఇలాంటి తండ్రిని నేనెక్కడా చూళ్లేదండి అన్నాడు. అందరూ తలలూపారు. వెంకటి తల దించుకున్నాడు.

అంతలో గదికి పెద్దవాడైన పరమేశ్ బయటి నుంచి వచ్చాడు. నర్సింగ్ ఫోను తాళం తీయడం ఎవరికీ చేతకాక, అతని సొంతూరు ఆర్మూరు కాబట్టి అటువైపు మనుషుల్ని నాలుగు రోజులుగా పట్టుకుని, చివరికి నర్సింగ్ తమ్ముడి నంబరు సంపాదించాడు. ఇప్పుడే మాట్లాడాడు. ముఖం అదోలా ఉంది.

"మా అన్నకు లగ్గమే కాలేదంటున్నడు. పెండ్లాం లేదు, పిల్లలు లేరంట."

గదిలో గుసగుసలు లేచాయి. ఎక్కడో చాటు సంసారం పెట్టి ఉంటాడన్నారు. మతి చలించి ఉత్త ఫోన్లో మాట్లాడుకున్నాడేమో అన్నారు. ఇందాక పొగిడిన నోళ్లే. చచ్చినవాడు లేచొచ్చి జవాబు చెప్పడు కదా, ఎంత మాటైనా చెల్లుతుంది.

వెంకటి మాత్రం గోడకు ఆనించిన ఫోటో వైపు చూశాడు. తనకు కూతురుండీ మాట్లాడడు. ఎవరూ లేని మనిషి మేడెక్కి ఎవరితో మాట్లాడాడు?

అప్పుడే ఫోటో ముందు పెట్టిన నర్సింగ్ ఫోను మోగింది. తెర మీద "బిడ్డ" అని పడింది.

ఎవరూ ముట్టలేదు. మోగి మోగి ఆగింది. మళ్లీ మోగింది.

"వెంకటీ, నువ్వు ఎత్తు" అన్నాడు పరమేశ్. "ఈడున్నోళ్లల్ల ఆడపిల్ల తండ్రివి నువ్వొక్కనివే. ఎవల బిడ్డో గానీ, జర మెల్లగ చెప్పు."

సొంత బిడ్డకు ముఖం చూపించలేనివాడు పరాయి బిడ్డకు చావు కబురు ఏమని చెబుతాడు? వెంకటి వద్దని చెప్పబోయాడు. కానీ ఫోను ఆగడం లేదు. అవతల ఒక పిల్ల చెవికి ఆనించుకుని ఎదురుచూస్తోంది. తాను ఎత్తకుండా వదిలేసిన ఫోన్లన్నీ అవతల ఇలాగే ఉండి ఉంటాయని తోచి అతనికి ఏడుపొచ్చింది.

ఎత్తి చెవికి పెట్టుకున్నాడు.

హలో అనకముందే అవతల నుంచి చిట్టి గొంతు వినిపించింది. "పెద్దబాపూ, ఇయ్యాలన్న మా బాపు డ్యూటీ దిగిండా?"